తెల్లరాయి తూకం

పోయిన వారం మా మామ మనవరాలు మస్కి నుంచి బస్సులో రాయచూరు వచ్చి, సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను. మూత మీద మా అత్త పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. మూత తీయబోయేముందు, ఆ పిల్ల మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళడం చూసి, చేతికి ఒక ప్లాస్టిక్ కవరు తొడుక్కున్నాను. పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మనిషికి ఆ మాత్రం జాగ్రత్త సహజమేనని మీరనుకోవచ్చు. అది జాగ్రత్త కాదు, అనుమానం. ముప్ఫై అయిదేళ్ళ కిందటిది, ఏ ఏడూ పాతబడనిది.

డబ్బాలో దూది, దూదిలో రాయి. చిన్న ఉసిరికాయంత ఉంటుంది. రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు అంటించినట్టు ఎనిమిది పలకలు. తెలుపే గాని పటికలాంటి తెలుపు కాదు, కొంచెం బూడిద కలిసిన తెలుపు. వెలుతురుకు పెడితే సాంబ్రాణి ముక్కకున్న జిడ్డు మెరుపు. ఆ పిల్ల భూగర్భశాస్త్రం చదువుతోంది. కాలేజీలో ఈ రాయిని ఏదో యంత్రంలో పెట్టి చూశారట, సెనార్మంటైట్ అని తేలిందట. అంటే ఆంటిమొనీ ఆక్సైడు. చాలా అరుదట, కాలేజీ అద్దాల బీరువాలో పెడతామన్నారట. పక్కన ఒక చీటీ ఉండాలి: పేరు, జాతి, గుణాలు, ఎవరిదో ఆ వివరం. "చీటీ మీరే రాయాలంట టీచరత్తా. ఇంకెవరు రాసినా ఒప్పుకోనంది అమ్మమ్మ" అంది. ఎందుకంది, నన్నే ఎందుకంది అని వెంటనే ఆలోచనలో పడ్డాను. నా బుద్ధి అంతే.

మా మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. మా జిల్లాలో లింగసుగూరు వైపున్న బంగారు గనిలో, రాతిపొడిలో బంగారం ఎంతుందో పరీక్షించే గదిలో పని. బంగారు గని గేటు దగ్గర మర్యాదలుండవు. డ్యూటీ దిగిన ప్రతివాణ్ణీ నిలబెట్టి చెప్పులు విప్పించేవాళ్ళు, జేబులు తిరగేయించేవాళ్ళు, టిఫిన్ డబ్బాలో మిగిలిన పెరుగన్నాన్ని కూడా చెంచాతో కెలికేవాళ్ళు. రోజూ సోదా పడిన మనిషి ఊరికే ఉంటాడా, తను లోకాన్ని సోదా చేసేవాడు. పాలు పోయించుకుంటే వేలు ముంచి గోరు మీద చుక్క నిలుస్తుందా జారుతుందా చూసేవాడు. ప్రతి మస్కి సంతకూ ఖాళీ సంచితో వెళ్ళి, పొద్దుగూకే బస్సుకు ఆ ఖాళీ సంచితోనే దిగేవాడు. దినమంతా అక్కడేం చేస్తాడని క్వార్టర్సులో ఆడవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. నేనూ ఒక చెవి అటు వేసేదాన్ని.

అత్తేమీ తక్కువ తినలేదు. ఆవిడది తుంగభద్ర కాలువ కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కాపురానికి వచ్చి ఎన్నేళ్ళయినా మా రాయచూరు మాట ఆవిడ నోటికి అంటలేదు. ఆవిడ అనుమానం అరుపుల్లో ఉండదు, గుర్తుల్లో ఉంటుంది. నూనె సీసా మీద పెన్సిలు గీత, ఆవకాయ జాడీ గుడ్డ మీద ముడికి ముడి, చాకలికేసిన ప్రతి బట్ట అంచునా రెండు నిలువు గీతలూ కింద ఒక చుక్క. చాకలి తన గుర్తు తను వేసుకుంటాడు కదత్తా అంటే, "చాకలి గుర్తు చాకలికి. నా గుర్తు నాకు" అనేది. వాళ్ళిద్దరూ అంత చక్కగా ఎలా సంసారం చేశారా అనుకుంటాను. ఒకరు తూచుకుంటూ, ఒకరు గీతలు పెట్టుకుంటూ చేశారు.

ఆ ఇంట్లోకి ఈ రాయి వచ్చింది. మామ పైన పనిచేసిన పెద్దాయన ఒకాయన రిటైరై వెళ్ళిపోతూ, తను ఏనాటి నుంచో దాచుకున్నదాన్ని మామ చేతిలో పెట్టాడు. ఎక్కడో అల్జీరియా నుంచి వచ్చిందట. వెంట ఒక చీటీ కూడా ఉండేదట గాని దాన్ని చెదలు తినేశాయి. గేటు దాటించడానికి మామ మూడు సంతకాలు పెట్టాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చి, మంచినీళ్ళ బిందె పైన గూట్లో పెట్టాడు. దేవుడి గూడు కంటే కూడా ఆ గూటినే ఎక్కువసార్లు తుడిచేవాడు. రోజంతా బంగారాన్ని చూస్తూ చేతులు దులుపుకుని వచ్చే మనిషికి, ఇది నాది అని చూసుకోవడానికి దొరికిన రాయి అదొక్కటే.

అప్పటికి నాకు యరగేర హైస్కూల్లో ఉద్యోగం వచ్చి ఏడాది. కొత్తగా సైన్సు టీచరైన వాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, నోరు ఊరుకోదు. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మామ డ్యూటీలో ఉన్నాడు. ఆ ముందువారమే మామ చెప్పిన పేరు విని పుస్తకంలో చూసి పెట్టుకున్నాను గదా, అత్తకు పాఠం మొదలుపెట్టాను. మన బజారులో అమ్మే సుర్మా రాయి ఉంటుందే, అందులో ఉండేది ఆంటిమొనీ. అది గాలి తగిలి ఆక్సైడుగా మారితే రెండు రకాల రాళ్ళు పుడతాయి. ఒకటి సూదులు సూదులుగా కట్టే వాలెంటినైట్, రెండోది ఇలా ఎనిమిది పలకలుగా కట్టే సెనార్మంటైట్. పదార్థం ఒకటే, కట్టుబడి వేరు. ఒకే పిండితో జంతికలూ చేస్తాం, చెక్కలూ చేస్తాం, అలాగన్నమాట. రాళ్ళను జాతులుగా విడదీసేవాళ్ళు ముందు దేనితో చేసిందో చూస్తారు, తర్వాత ఎలా కట్టిందో చూస్తారు. ఇంతటితో ఆపి ఉంటే ఈ కథ లేదు. "ఇంకో తమాషా ఉందత్తా" అన్నాను. "పాషాణం స్ఫటికం కూడా అచ్చం ఇలాగే, ఎనిమిది పలకలతోనే ఉంటుంది. రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటిని పక్కపక్కన ఒకే గుంపులో పెడతారు. చూసి చెప్పడం కష్టం."

అత్త బియ్యంలో రాళ్ళేరుతోంది. చెయ్యి ఆగింది. "పాషాణమంటే?" అంది. ఆర్సెనిక్కు అన్నాను. ఎలకల మందు అన్నాను. మన గని రాతిలో కూడా ఉంటుంది, రాతిని కాల్చినప్పుడు తెల్లగా పైకి లేస్తుంది అన్నాను. ఆవిడ బిందె పైనున్న గూటి వంక చూసింది. నాకు ఆ చూపు అర్థం కాలేదని చెబితే అబద్ధమవుతుంది. నాకూ అప్పుడే తట్టింది.

ఎందుకంటే అప్పటికి నాలుగైదు నెలలుగా ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదు. తలదువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు, నాలుగడుగులు వేస్తే నీరసం, తింటే కడుపులో బరువు. పాషాణం మెల్లమెల్లగా ఒంట్లోకి పోతే వచ్చే లక్షణాల పట్టిక ఒక పుస్తకంలో చదివాను. జుట్టు రాలడం అందులో ఉంది. నీరసం ఉంది. కడుపు ఉంది. మామకెందుకు అలాంటి బుద్ధి పుడుతుందని అడగకండి. మస్కిలో ఇంకో ఆడమనిషి ఉందేమోనని కూడా ఒక పూట అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అనుమానం ముందు వస్తుంది, కారణం దాని వెనక చేతిసంచి పట్టుకుని వస్తుంది.

మాట అత్త పుట్టింటికి చేరింది. ఆవిడ అన్నగారు కాలువ కింద ముప్ఫై ఎకరాల ఆసామి, కంఠం పెద్దది, మనసు చెల్లెలి దగ్గర మెత్తన. ఆ వచ్చే ఆదివారానికే జీపు తీసుకుని దిగాడు. మామ నన్నూ పిలిపించాడు, చదువుకున్న పిల్ల సాక్షిగా ఉంటుందని. వరండాలో కుర్చీలో కూర్చుని ఆయన ఒకే మాట అన్నాడు. "బావగారూ, నాకు మీ రాళ్ళ సంగతి తెలవదు. అది విషమా కాదా ఇవాళ తేలాలి. తేలకపోతే మా చెల్లిని తీసుకుపోతాను. మళ్ళీ పంపను." జీపులో చెల్లెలి కోసం దిండు కూడా వేసుకుని వచ్చాడు. అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది.

పాషాణాన్ని నిప్పుల మీద వేస్తే వెల్లుల్లి వాసన వస్తుందని ఆయనకెవరో చెప్పారు, కాల్చి చూద్దామన్నాడు. మామ లేచి గూటికి అడ్డం నిలబడ్డాడు. "కాల్చుడు గీల్చుడు నడ్వదు. కాలిస్తే గీ రెండిట్ల ఏ రాయైనా పొగైపోతది, మళ్ల రాదు. గీ ఇంట్ల ఏ పూట ఎల్లిగడ్డ వాసన ఉండదో మీ చెల్లెనే అడుగుండ్రి" అన్నాడు. తూకం వేసి చూపిస్తానన్నాడు. మామూలుగా ఒకసారి, నీళ్ళలో వేలాడదీసి ఒకసారి. నీళ్ళలో ఏ వస్తువైనా తేలికవుతుంది. ఎంత తేలికయిందో దానితో అసలు బరువును భాగిస్తే, తనంత నీటికి ఆ రాయి ఎన్ని రెట్లు బరువో తెలిసిపోతుంది. పాషాణమైతే నాలుగు రెట్లకు లోపే. సెనార్మంటైట్ అయితే అయిదున్నర. రూపం మోసం చేస్తుందేమో గాని బరువు చేయదు. నేను తల ఊపాను గాని, కాల్చనివ్వకపోవడం మాత్రం మనసులో ఒక మూలన పెట్టుకున్నాను.

త్రాసు దగ్గర ఇంకో గంట పోయింది. గని త్రాసు అన్నగారికి పనికిరాదు. అన్నగారు తెప్పించిన కంసాలి తక్కెడను మామ అటూ ఇటూ పళ్ళేలు మార్చి మార్చి చూసి, సరేనన్నాడు గాని ఇత్తడి తూకపురాళ్ళను ముట్టనన్నాడు. "గిన్ని చేతులల్ల అరిగిన రాళ్ళు ఎవని నమ్మకానివి?" అన్నాడు. ఏ రాళ్ళయినా ఒకటే, మనకు కావలసింది రెట్లే కదా అని నేను చెప్పబోయాను, ఎవరూ వినలేదు. అప్పుడు అత్త మొదటిసారి నోరు తెరిచి, "మన కంచె మీద గురివింద తీగుంది" అని వెళ్ళి చేటలో గింజలు కోసుకొచ్చింది. కంసాలులు పూర్వం బంగారం తూచింది వాటితోనే గనక అందరికీ నచ్చింది. రాయిని కట్టడానికి నేను దారం తెస్తే, దారం నీళ్ళు పీలుస్తుంది, వద్దన్నాడు మామ. అత్త దువ్వెనకు చిక్కుకున్న పొడుగాటి వెంట్రుక ఒకటి తీసి ఇచ్చింది. రాలిన ఆ జుట్టుకే ఆ రాయిని కట్టి వేలాడదీశారు. కట్టేముందు అత్త రాయిని తనే చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, మామకిచ్చింది.

మామూలుగా తూస్తే రెండువందల పద్దెనిమిది గింజలు. గ్లాసు నీళ్ళలో మునిగేలా వేలాడదీస్తే నూటడెబ్భై ఎనిమిది. తగ్గింది నలభై. పాషాణమైతే యాభై ఏడు దాకా తగ్గాలి. నేను వేళ్ళ మీద కాదు, కాగితం మీద రెండుసార్లు భాగించి, "అయిదున్నరకు రవ్వంత తక్కువ. ఆంటిమొనీయే" అన్నాను. గురివింద గింజ తన నలుపు తానెరగదంటారు. రెండువందల పద్దెనిమిది గింజలు నా వేళ్ళతో లెక్కపెట్టాను, ఆ సామెత ఒక్కసారి కూడా గుర్తురాలేదు. అన్నగారు చెల్లెలి మొహం చూశాడు. అత్త "సరే అన్నయ్యా, భోంచేసి వెళ్ళు" అంది. జీపులో దిండు దిండుగానే వెనక్కి పోయింది. ఆ వారంలోనే ఆయన చెల్లెల్ని రాయచూరులో పెద్ద డాక్టరుకు చూపిస్తే, గొంతు దగ్గరి గ్రంథి సరిగా పనిచేయడం లేదని మాత్ర రాశారు. ఏడాది తిరక్కుండా జడ మళ్ళీ నడుము దిగింది.

అందరికీ అక్కడితో అయిపోయింది, నాకు తప్ప. ఆ వారమే మామ రాయిని గూట్లోంచి తీసి స్టీలు డబ్బాలో పెట్టి, ట్రంకుపెట్టెలో తాళం వేశాడు. మాత్ర వల్ల తగ్గిందా, రాయిని తీసేయడం వల్ల తగ్గిందా? రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో చెప్పలేమని ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే చెబుతాను. మరి తూకం మాటేమిటి అంటారా? తూచిన రాయీ గూట్లో ఉన్న రాయీ ఒకటేనని ఎవరు చూశారు? నాలుగు రోజుల ముందే బావమరిది వస్తున్నాడని మామకు తెలుసు. పెద్దాయన ఒకటి ఇచ్చాడంటే రెండు ఇచ్చి ఉండడా? కాల్చనివ్వలేదెందుకు? అత్త "సరే" అన్న తీరు కూడా నాకు గెలిచినట్టు వినిపించలేదు, దిక్కులేక అన్నట్టు వినిపించింది.

నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. కాకపోతే ఆ ఇంట్లో కాఫీ మానేశాను. ఇప్పుడే తాగి వచ్చానత్తా అనేదాన్ని. శనివారాలు ఒక్కపొద్దు అనేదాన్ని, తర్వాత ఆదివారాలు కూడా అన్నాను. ఒకసారి మామ అడిగాడు. "ఏంది బిడ్డ, మా ఇంట్ల నీళ్ళు కూడ తాగవా?" గొంతు బాగాలేదన్నాను. ఆయన నా వంక కాసేపు చూశాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా వీధిలోంచి కొబ్బరి బోండాలవాణ్ణి పిలిపించి, నా కళ్ళెదుటే కొట్టించి, వాడి చేతుల్లోంచే నాకు ఇప్పించేవాడు. మధ్యలో తను ముట్టుకునేవాడు కాదు. టీచరయ్యానని మర్యాద చేస్తున్నాడనుకుని, కొంచెం గర్వంగానే తాగేదాన్ని. పాతికేళ్ళు అలా తాగాను. పదేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు, చూడటానికి వచ్చినవాళ్ళకిచ్చిన టీ కూడా నేను తీసుకోలేదు.

చీటీ రాయాలి గదా, పిల్లను పంపించి భూతద్దం తీశాను. యంత్రం సెనార్మంటైట్ అంది, నిజమే. అది ఈ రాయి సంగతి. గూట్లోని రాయి సంగతి ఎవరికి తెలుసు అనుకుంటూనే తిప్పుతున్నాను. ఒక పలక అంచున, ఊరికే చూస్తే కనపడనంత సన్నగా, గీతలు కనిపించాయి. మెత్తని రాయి ఇది, గోటి గట్టిదనమే ఉంటుంది. ఎవరో ఆడుకుంటూ పాడు చేశారని కోపం వచ్చింది. దీపం దగ్గరకు తీసుకెళ్ళి చూశాను. రెండు నిలువు గీతలు. కింద ఒక చుక్క.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే మస్కి వెళ్ళాను. అత్తకు డెబ్భై ఎనిమిదేళ్ళు, కూతురి దగ్గర ఉంటోంది. కుశలాలు కూడా అడక్కుండా రాయి చేతిలో పెట్టి, "ఇదెప్పుడు గీశావత్తా?" అన్నాను.

"మా అన్నయ్య రావడానికి వారం ముందు. నువ్వు పాఠం చెప్పి వెళ్ళిన సాయంత్రమే. తాళికున్న పిన్నీసు తీసి గీశాను" అంది, నూనె సీసా మీద గీత పెట్టిన మనిషి ఎలా చెబుతుందో అలాగే. "నాకూ అనుమానమేగా అమ్మాయ్. రాయి మారుస్తారేమో అనుకున్నాను. తూకం రోజు చేతిలోకి తీసుకుని చూసుకున్నాను. నా గుర్తు నాకు కనపడింది. ఇంక నాకెందుకు అనుమానం?"

"నాతో ఒక్క మాట అనలేదే."

"మొగుడి మీద గుర్తు పెట్టానని ఎలా చెప్పుకుంటాను? ఆయనకే చెప్పలేదు. నీ అనుమానం కూడా ఆ తూకంతోనే పోయిందనుకున్నాను." ఆవిడ రాయిని చీర చెంగుతో తుడిచింది. "ఆయన చెబితే గాని నాకు తెలీలేదు. పోయేముందు అన్నారు, దానికింకా శక్ పోలేదే అని. మనం ఇచ్చింది తాగదు, బోండాం అయితే సూది దూరదు గనక నమ్ముతుంది, అది తాగకుండా మాత్రం పంపించకు అన్నారు. అందుకే చీటీ నిన్నే రాయమన్నాను, రాయిని తిప్పి చూస్తావని."

మామ మస్కి సంతలో రోజంతా ఏం చేసేవాడని అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనక. "తూకాల దగ్గర కొట్లాడేవారు. ఏదీ నచ్చక ఏమీ కొనకుండా వచ్చేవారు" అంది. నేను ఏడుస్తుంటే ఆవిడ నవ్వింది.

అక్కడే కూర్చుని చీటీ రాశాను. పేరు: సెనార్మంటైట్. జాతి: ఆక్సైడు. కట్టుబడి: ఎనిమిది పలకలు. బరువు: తనంత నీటికి అయిదున్నర రెట్లు, తూచినవారు, అని మామ పేరు. గట్టిదనం అన్నచోట అంకె రాయలేదు. పిన్నీసుతో గీత పడుతుంది, పడ్డ గీత పోదు అని రాశాను. కాలేజీవాళ్ళు ఒప్పుకుంటారో లేదో. ఇంతలో అత్త వంటింట్లోకి వెళ్ళి, అడక్కుండానే కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. చక్కెర ఎక్కువైంది. చివరి చుక్క దాకా తాగాను. అనుమానం తీరడానికి నాకు ముప్ఫై అయిదేళ్ళు పట్టింది, మామకు అన్నేళ్ళు లేకపోయాయి.